జామాకు, క్వెర్సెటిన్ మాత్రలు: ఐబీఎస్‌కి నిజంగా పనిచేస్తాయా?

ప్రొద్దుటూరోడు:
బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. డాక్టర్ ఐబీఎస్-డి అన్నారు, అంటే పేగులో వాపేమీ లేకుండానే నెలల తరబడి కడుపునొప్పి, విరేచనాలు వచ్చే జబ్బట. పొద్దున ఆఫీసుకు బయల్దేరేలోపే మూడు నాలుగుసార్లు మోషన్స్. క్యాబ్ రింగ్ రోడ్డు మీద ఇరుక్కుందంటే ఆ టెన్షన్‌కే కడుపు మెలిపెడుతుంది. అమ్మేమో జామాకు కషాయం తాగమంటుంది. టీమ్‌లో ఒకాయన క్వెర్సెటిన్ మాత్రల డబ్బా చేతిలో పెట్టి "మొక్కల రంగే కదా, ఏం కాదు" అన్నాడు. రంగు పదార్థం పేగు కదలికను తగ్గిస్తుందా? షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, అది కూడా చెప్పాలి కదా.

జయనగర్ మాస్టారు:
బాబూ, ఫార్మకాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. మీ అమ్మగారు, మీ కొలీగు చెప్పేది దాదాపు ఒకటే. జామాకులో ఉండే పసుపు పదార్థాల్లో క్వెర్సెటిన్ ఒకటి.

మా ల్యాబ్‌లో గినీపిగ్ పేగు ముక్కను గోరువెచ్చని ఉప్పునీళ్ల గొట్టంలో దారంతో వేలాడదీసేవాళ్లం. దానికి ఒక సన్నని పుల్ల, పుల్ల కొన తగిలేలా పొగ పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము. పేగును బిగించే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం చుక్క వేస్తే పేగు బిగుసుకుని కాగితం మీద నిటారుగా తెల్లగీత పడేది. అలాంటి పేగు ముక్కల మీద క్వెర్సెటిన్ వేసి చూసినవాళ్లకు ఆ గీత పొట్టిదైంది. కండరం బిగియాలంటే కణంలోకి కాల్షియం వెళ్లాలి, ఆ దారిని ఇది కొంత మూస్తుందని వివరణ. కాబట్టి శక్తి ఉందా అంటే, ఉంది. గొట్టంలో.

మనిషి విషయానికొస్తే చెప్పుకోదగ్గది మెక్సికో ప్రయత్నం. జామాకు పొడిని క్వెర్సెటిన్ మోతాదు చూసి క్యాప్సూళ్లలో నింపి, అప్పటికప్పుడు విరేచనాలు పట్టుకున్న పెద్దవాళ్లకిచ్చారు. కడుపునొప్పి ఉండే కాలం తగ్గింది. అది నాలుగురోజుల్లో పోయే జబ్బు, మీది నెలల తరబడి సాగేది. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇంకోటి వినండి. అమెజాన్ ప్రాంతపు క్రోటాన్ చెట్టు ఎర్రటి పాల నుంచి క్రోఫెలెమర్ అనే మందు తీశారు. హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లకొచ్చే విరేచనాలకు 2012లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. ఇది పేగు కదలికను ఆపదు, పేగులోకి క్లోరైడ్, దాని వెంట నీరు ఊరడాన్ని తగ్గిస్తుంది. ఐబీఎస్-డి మీద పరీక్షిస్తే మలం గట్టిపడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చక్కగా శుద్ధిచేసిన మందుకే ఈ గతి పడితే, డబ్బా మీద "గట్ హెల్త్" అని రాసిన దానికి నేనెందుకు పూచీ పడతాను?

అసలు మీ ప్రశ్నలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఆఖరి వాక్యం. మెట్‌ఫార్మిన్ విరేచనాలు తెస్తుంది, అది చాలామందికి తెలిసిన ఇబ్బందే. మోషన్స్ ముందొచ్చాయా, మాత్ర ముందొచ్చిందా? ఆ వరస కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించండి, నిదానంగా విడుదలయ్యే రకానికి మారుస్తారేమో. మీ అంతట మీరు ఆపకండి. ఇక ఆ కొలీగు తర్వాత బెర్బెరిన్ తెస్తాడు, చూడండి. మానుపసుపులోని పసుపు రంగు అదే. షుగర్ కూడా తగ్గిస్తుంది, మీ మాత్రతో కలిస్తే ఎక్కడికి దిగుతుందో. డాక్టర్‌ని అడగందే ముట్టొద్దు.

బీటీఎం సుధ:
అన్నా, నాదీ అదే జబ్బు. మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతా: రాత్రి నిద్రలోంచి లేపేలా మోషన్ వస్తున్నా, రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా ఐబీఎస్ అని సరిపెట్టుకోవద్దు. నాకు కాల్‌ప్రొటెక్టిన్ టెస్ట్ రాశారు, పేగులో వాపుందో లేదో మలంలోనే తెలుస్తుంది. తిండిలో నాకు ఎసరుపెట్టింది క్యాంటీన్ గ్రేవీలో ఉల్లి, వెల్లుల్లి. జామాకు కన్నా అవి తగ్గించాకే క్యాబ్‌లో ధైర్యంగా కూర్చుంటున్నా.

ప్రొద్దుటూరోడు:
మాస్టారూ, మాత్రే ముందండీ. మోతాదు పెంచిన నెలలోనే మొదలైనట్టుంది, పాత చీటీలు తీసి చూస్తున్నా. డాక్టర్ అపాయింట్‌మెంట్ శనివారానికి దొరికింది. సుధ గారూ, ఆ టెస్టుకి శాంపిల్ పొద్దున్నే ఇవ్వాలా, ఎప్పుడైనా సరేనా?

బీటీఎం సుధ:
ల్యాబ్‌కి ఫోన్ చేసి డబ్బా ముందే తెచ్చుకోండి, ఎప్పుడిమ్మంటారో వాళ్లే చెప్తారు. నొప్పి మాత్రలేమైనా వాడుతుంటే అదీ చెప్పండి, వాటివల్ల రీడింగ్ పెరగొచ్చు.