అమ్మాయి టైంటేబుల్ దగ్గర నేను కూర్చోవచ్చా?

మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయికి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో విజయవాడలో ఒక అటానమస్ కాలేజీలో సీఎస్ఈ వచ్చింది. సోమవారం ఓరియంటేషన్, తల్లిదండ్రులు తప్పకుండా రావాలని మెసేజ్ పెట్టారు. ఆ వారంలోనే క్లాసుల స్లాట్లు పిల్లలే ఆన్‌లైన్‌లో ఎంచుకోవాలట. ఇంటర్ రెండేళ్లూ పొద్దున్నే లేపింది నేనే. ఏ టెస్ట్ ఏ రోజో నాకే నోటికొచ్చేది. నిన్న చూస్తే నోట్‌బుక్ వెనక పేజీలో స్కేలు పెట్టి గళ్లు గీసుకుని, పెన్సిల్‌తో సబ్జెక్టులు రాసుకుంటోంది. ఐదు రోజులూ ఎనిమిదింటి క్లాసే. అంటే ఆరున్నరకి బస్సెక్కాలి. మార్చమని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. ఆయనేమో పాస్‌వర్డ్ తీసుకుని మనమే పెట్టేద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు 1
అమ్మా, నేను విజయవాడలో ఫస్టియర్‌కి మ్యాథ్స్ చెబుతాను. ఓరియంటేషన్‌కి మీరిద్దరూ వెళ్లండి. హాజరు 75 శాతం కన్నా తగ్గితే పరీక్ష రాయనిస్తారా, కండోనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు) ఎంతవరకు ఇస్తారు, మెంటర్ ఎవరు, సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి, ఇవి అడగండి. యాంటీ ర్యాగింగ్ హామీపత్రం యూజీసీ 2009 నిబంధనల ప్రకారం పాపతో పాటు మీరూ ఇవ్వాలి, చదివి ఇవ్వండి. మొదట్లో ఇండక్షన్ ఉంటుంది, అంటే కొత్త పిల్లల్ని కాలేజీకి అలవాటు చేసే కార్యక్రమం; ఇంజనీరింగ్ కాలేజీల్ని చూసే ఏఐసీటీఈ మూడు వారాలని చెప్పింది. పాఠాలు మొదలుకాలేదని టెన్షన్ పడకండి.

పాస్‌వర్డ్ మాత్రం వద్దు. పోయినేడు ఒక అబ్బాయికి స్లాట్లన్నీ వాళ్ల నాన్నగారే పెట్టారు. మొదటిరోజు ఆ పిల్లాడు ఏ గదికి వెళ్లాలో తెలియక, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కారిడార్లో నిలబడిపోయాడు. నాన్నగారు ఫోన్ ఎత్తలేదు. నేనే తీసుకెళ్లి కూర్చోబెట్టాను.

జవాబు 2
మాది మంగళగిరి. మావాడి టైంటేబుల్ చూసి నేను ఒక్కటే అడిగాను, "అన్నం ఎప్పుడు తింటావురా?" అని. తొమ్మిది నుంచి రెండున్నర దాకా ఖాళీ లేదు. కాసేపు చూసుకుని వాడే ఒక ల్యాబ్ మధ్యాహ్నానికి మార్చుకున్నాడు. మీరూ అడగండి అక్కా, చెరపడం తననే చెరపనివ్వండి.

ప్రశ్న వేసినవారు
రాత్రి అడిగాను. పొద్దున్నే వెళ్తే మూడింటికల్లా క్లాసులు అయిపోతాయట, సాయంత్రం వారధి మీద ట్రాఫిక్ మొదలవకముందే దాటేయొచ్చట. ఆ ఆలోచన నాకు రాలేదు. అన్నం సంగతి అడిగితే పదకొండున్నర గడి చూపించింది, అందులో చిన్నగా "బాక్స్" అని రాసుంది. ఆరింటికల్లా క్యారేజీ కట్టిస్తానన్నాను. హాజరు, బస్సు సంగతులు సోమవారం ఆయన్నే అడగమన్నాను, కాగితం మీద రాసుకున్నారు.