చర్చ: అకాడమీలో పిల్లల భద్రతకు మీరు ఏ నియమాలు పెట్టుకున్నారు?

గుంటూరు_షటిల్: చిన్న బ్యాడ్మింటన్ అకాడమీ నడుపుతున్నాను. బడి పిల్లలతో పాటు, బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న 24 ఏళ్ల యువకుడు కూడా సాధనకు వస్తున్నాడు. ప్రయాణాలు, వాట్సాప్ సందేశాలు, ఫిర్యాదులు, ఈ మూడింటి విషయంలో కోచ్‌లుగా మీరు పాటిస్తున్న నియమాలు తెలుపగలరు.

పీఈటీ_మాస్టారు: ముందుగా ఒక పని మానండి. సాధన ముగిశాక ఏ బిడ్డనూ ఒంటరిగా బండి మీద ఎక్కించుకుని ఇంటి దగ్గర దించవద్దు. పోటీల నుంచి వచ్చేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయి ఉంటుందని నాకూ తెలుసు. అయినా తండ్రి వచ్చేదాకా బడి గేటు దగ్గర, లైటు కింద, మిగతా పిల్లలతో కలిసి నిలబడతాను.

రైడర్_కడప: మాస్టారూ, అవి పట్నం మాటలు. మా వైపు తండ్రికి బండే ఉండదు. ఆడపిల్లను రాత్రివేళ బస్టాండులో వదిలేయమంటారా?

పీఈటీ_మాస్టారు: వదిలేయమని నేనెక్కడా అనలేదు. ముందే ఆటో మాట్లాడుకోవాలి. అందరికంటే చివర దిగే పిల్ల తల్లి మొదటి నుంచీ ఆ ఆటోలోనే కూర్చోవాలి.

రైడర్_కడప: ఆ కిరాయి మీరిస్తారా? ఎంట్రీ ఫీజులకే మేము చందాలు వేసుకుంటున్నాం. కోచ్‌ను దొంగను చూసినట్టు చూస్తే రేపు ఈ పనికి ఎవరూ ముందుకు రారు.

వరంగల్_వకీలు: ఇలాంటి కేసులు వాదించేవాణ్ని కనుక చెబుతున్నాను, ఆటో కంటే పెద్ద విషయాన్ని మీరిద్దరూ వదిలేశారు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్ల లోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకు తెలియజేసి తీరాలి. పరువు పోతుందని అకాడమీ పెద్దలే కూర్చుని రాజీ కుదర్చడానికి వీల్లేదు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని తెలియజేయని సంస్థ బాధ్యుడికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. పిల్లల సహాయవాణి 1098 నంబరును గోడ మీద పిల్లలకు కనిపించే ఎత్తులో రాయించండి.

డల్లాస్_అమ్మ: వైద్యం పేరుతో ఆడపిల్లలను లైంగికంగా వేధించిన జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ ఉదంతం తర్వాత ఇక్కడ 2018లో చట్టమే వచ్చింది. మా అబ్బాయికి ఈత కోచ్ సందేశం పంపితే అందులో నేనో మావారో కూడా ఉండాలి. ఒక్క పిల్లవాడితో విడిగా మాట్లాడవలసి వస్తే, మరో పెద్దవారికి కనబడేచోట, ఎవరైనా మధ్యలో రాగలిగేచోట మాట్లాడాలి.

రైడర్_కడప: అమెరికాలో ప్రతి తల్లికీ కారు ఉంటుందమ్మా!

పాత_కబడ్డీ: మా గురువుగారు బెత్తంతో కొట్టబట్టే నేను జిల్లా జట్టుకు ఆడగలిగాను. ఇప్పుడు గట్టిగా అరిచినా నేరమే అంటున్నారు.

వరంగల్_వకీలు: అరవడం సంగతి అటుంచండి. తన సంరక్షణలో ఉన్న పిల్లలను కొట్టి బాధపెట్టేవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది.

పాత_కబడ్డీ: సెక్షన్లు చదివితే రెయిడింగ్ రాదు, వకీలు గారూ.

బాక్సింగ్_అక్క: బెత్తం కనబడుతుంది కాబట్టి దాని మీద వాదిస్తున్నారు. బరువు తూచే ముందు రోజు పిల్లలకు నీళ్లు మాన్పించి, మందపాటి జాకెట్లు తొడిగి ఎండలో పరుగెత్తించేవారిని ఏమందాం? 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇలా బరువు తగ్గించుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు.

విశాఖ_నాన్న: ప్రశ్నలో ఉన్న ఆ యువకుణ్ని అందరూ మరచిపోయారు. మా వాడిదీ అదే పరిస్థితి, స్పెషల్ ఒలింపిక్స్ పోటీల కోసం షాట్‌పుట్ సాధన చేస్తున్నాడు. ఎవరేం చెప్పినా చేసేస్తాడు, వద్దనడం తెలియదు. వాడి కోచ్ భంగిమ సరిచేసే ముందు ప్రతిసారీ "చెయ్యి పట్టుకోనా?" అని అడిగి, వాడు తలూపేదాకా ఆగుతుంది. వాడు వద్దంటే దూరం నుంచే చేసి చూపిస్తుంది. ఇప్పుడు మంగలి షాపులో కూడా వద్దంటున్నాడు, క్షవరానికి బతిమాలవలసి వస్తోంది. మాకు అదీ సంతోషమే. పోక్సోకు లెక్క పుట్టిన తేదీ వయసే గాని మానసిక వయసు కాదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది కదా, మరి మా వాడికి దిక్కెవరు?

వరంగల్_వకీలు: ఆ తీర్పు నిజమే. అయితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ కింద, వేధింపు జరుగుతోందని నమ్మే ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చు. తల్లిదండ్రులే వెళ్లాలన్న నియమం లేదు.

గుంటూరు_షటిల్: ఈ మాట నాకు ఉపయోగపడింది. వచ్చే నెల రాజమహేంద్రవరంలో టోర్నమెంట్ ఉంది. బస ఎలా ఏర్పాటు చేయాలి?

రైడర్_కడప: అందరికీ కలిపి ఒకే డార్మిటరీ తీసుకోండి, చౌకగా దొరుకుతుంది.

పీఈటీ_మాస్టారు: అందులో కోచ్ మంచం ఎక్కడ వేస్తారు? మహిళా క్రీడాకారులున్న జట్టు వెంట మహిళా కోచ్ ఉండాలని 2022లోనే భారత క్రీడా ప్రాధికార సంస్థ చెప్పింది. మీకు మహిళా కోచ్ లేకపోతే, ఒక తల్లిని తీసుకువెళ్లి ఆవిడ టికెట్టు, భోజనం ఖర్చును ఎంట్రీ ఫీజుతోపాటే వసూలు చేయండి.

రైడర్_కడప: మళ్లీ ఖర్చే!