లిజనర్‌లో ఎక్సెప్షన్ వస్తోంది, కంట్రోలర్ దాకా రావట్లేదు

నైట్‌షిఫ్ట్:
స్ప్రింగ్ బూట్ (జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్) 3.2 ప్రాజెక్ట్. ఆర్డర్ సేవ్ చేసే సర్వీస్ మెథడ్‌లోనే ఒక ఈవెంట్ పబ్లిష్ చేస్తున్నాం. ట్రాన్సాక్షనల్ ఈవెంట్ లిజనర్ (డేటాబేస్ ట్రాన్సాక్షన్ దశను బట్టి నడిచే మెథడ్) దాన్ని అందుకుని ఇన్‌వాయిస్ టేబుల్‌లో ఒక రో పెట్టి, కస్టమర్‌కి మెయిల్ పంపాలి. మెయిల్ సర్వర్ డౌన్ అయితే లిజనర్ ఎక్సెప్షన్ విసురుతోంది, డీబగ్గర్‌లో కళ్లారా చూశాను. అయినా బ్రౌజర్‌కి 200 (అంతా సవ్యం అనే కోడ్) వెళ్తోంది. కంట్రోలర్ అడ్వైస్ (ఎర్రర్లను ఒకచోట పట్టే క్లాస్) మిగతా ఎక్సెప్షన్లన్నీ పట్టుకుంటుంది, ఇదొక్కటే దానికి చిక్కదు. పబ్లిష్‌ఈవెంట్ చుట్టూ ట్రై-క్యాచ్ పెట్టినా క్యాచ్‌లోకి రావట్లేదు.

ఇంకో వింత. మెయిల్ చక్కగా వెళ్లినప్పుడు కూడా ఇన్‌వాయిస్ రో కనబడదు. దీనికైతే ఎక్సెప్షనే లేదు. రెండూ వేర్వేరు సమస్యలా?

సెమికోలన్:
లిజనర్ లోపలే మొత్తం ట్రై-క్యాచ్‌లో పెట్టి లాగ్ చేసేయండి. మేమంతే చేస్తాం.

లాగుల_రాయుడు:
సెమికోలన్ గారూ, ఇప్పుడు స్ప్రింగ్ మింగుతోంది, మీరు చెప్పినట్టు చేస్తే మనమే మింగుతాం. అంతకు మించి ఒరిగేదేమీ లేదు.

నైట్‌షిఫ్ట్ గారూ, రెండూ ఒకే తాను ముక్కలు. మీరు ఫేజ్ (లిజనర్ ఏ దశలో నడవాలో) రాసినట్టు లేరు, కాబట్టి డిఫాల్ట్‌గా ఆఫ్టర్ కమిట్ (మార్పులు డేటాబేస్‌లో ఖాయమయ్యాక) పడుతుంది. అప్పుడు పబ్లిష్‌ఈవెంట్ పిలిచిన చోట లిజనర్ నడవదు. ఈవెంట్‌ని ట్రాన్సాక్షన్‌కి తగిలించి వెనక్కి వచ్చేస్తుంది, అంతే. మీ ట్రై-క్యాచ్ పని ఎప్పుడో అయిపోయింది. సర్వీస్ మెథడ్ ముగిసి, ప్రాక్సీ (మీ మెథడ్ చుట్టూ స్ప్రింగ్ పెట్టే తొడుగు) కమిట్ చేశాక గానీ లిజనర్ వంతు రాదు.

అసలు మెలిక ఇక్కడుంది. పేరు ఆఫ్టర్ కమిట్ అయినా, లోపల అది నడిచేది ఆఫ్టర్‌కంప్లీషన్ కాల్‌బ్యాక్‌లో. ఆ కాల్‌బ్యాక్‌లను పిలిచే ట్రాన్సాక్షన్‌సింక్రొనైజేషన్‌యుటిల్స్ క్లాస్ తెరిచి చూడండి, చిన్నదే. ఒక్కో కాల్‌బ్యాక్ చుట్టూ ట్రై-క్యాచ్ ఉంటుంది. ఏ త్రోవబుల్ (ఎక్సెప్షనైనా, ఎర్రరైనా) వచ్చినా లాగ్‌లో రాసి, తర్వాతి కాల్‌బ్యాక్‌కి వెళ్లిపోతుంది. ఆ క్లాస్ పేరుతో మీ లాగ్‌లో వెతకండి. దొరక్కపోతే లాగ్‌బ్యాక్ (లాగ్ రాసే లైబ్రరీ) కాన్ఫిగ్‌లో స్ప్రింగ్ ప్యాకేజీల నోరు ఎవరో నొక్కేశారని అర్థం.

దీనికి స్ప్రింగ్‌ని తిట్టేవాళ్లున్నారు, నేను తిట్టను. ఆర్డర్ అప్పటికే కమిట్ అయిపోయింది. ఇప్పుడు ఎక్సెప్షన్ పైకి పోనిస్తే కంట్రోలర్ 500 (సర్వర్ ఎర్రర్) ఇస్తుంది, ఆర్డర్ పడలేదనుకుని కస్టమర్ మళ్లీ నొక్కుతాడు. రెండు ఆర్డర్లు!

ఇక రో సంగతి. కమిట్ అయిపోయినా ఎంటిటీ మేనేజర్ (డేటాబేస్‌తో మాట్లాడే ఆబ్జెక్ట్) ఇంకా థ్రెడ్‌కి అంటిపెట్టుకునే ఉంటుంది. రిపాజిటరీలో సేవ్ పిలిస్తే, ట్రాన్సాక్షన్ ఉందనుకుని అందులోనే చేరిపోతుంది. దానికి మళ్లీ కమిట్ జరగదు కదా, మీ రో గాలికిపోతుంది. లిజనర్ మీద ట్రాన్సాక్షనల్ పెట్టి ప్రాపగేషన్ రిక్వైర్స్ న్యూ (కొత్త ట్రాన్సాక్షన్ తెరవమని) అని రాయాలి. ఉత్త ట్రాన్సాక్షనల్ పెడితే స్ప్రింగ్ 6.1 నుంచి అప్లికేషన్ అసలు స్టార్టే అవదు. మీ బూట్ 3.2లో ఉన్నది స్ప్రింగ్ 6.1నే, కాబట్టి కనీసం ఈ ఒక్క తప్పుకైనా అరుస్తుంది.

కానీ మీ కేసులో రిక్వైర్స్ న్యూ కూడా పెట్టొద్దంటాను. ఇన్‌వాయిస్ లేని ఆర్డర్ ఉండొచ్చా? ఉండకూడదంటే ఆ పనిని బిఫోర్ కమిట్‌కో మామూలు ఈవెంట్‌లిజనర్‌కో మార్చండి. రెండింట్లోనూ ఎక్సెప్షన్ పైకి వస్తుంది, ఆర్డర్ కూడా రోల్‌బ్యాక్ (రద్దు) అవుతుంది, మీ కంట్రోలర్ అడ్వైస్ పట్టుకుంటుంది. మెయిల్ వేరు. పంపిన మెయిల్‌ని రోల్‌బ్యాక్ చేయలేం. ఆర్డర్‌తో పాటే అదే ట్రాన్సాక్షన్‌లో "ఈ మెయిల్ పంపాలి" అని ఒక టేబుల్‌లో రాసుకోండి. వేరే జాబ్ దాన్ని చదివి పంపుతుంది, కుదరకపోతే మళ్లీ ప్రయత్నిస్తుంది. చేత్తో రాయడం విసుగైతే స్ప్రింగ్ మాడ్యులిత్‌లో ఈవెంట్ పబ్లికేషన్ రిజిస్ట్రీ ఉంది, ఏ లిజనర్ పని పూర్తికాలేదో డేటాబేస్‌లో ఉంచుతుంది.

పాతకోడు:
జేఎస్‌ఎఫ్‌లోనూ (జావాలో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఇలాంటిది ఒకటుంది. యాక్షన్ లిజనర్ అబార్ట్‌ప్రాసెసింగ్‌ఎక్సెప్షన్ విసిరితే మిగతా లిజనర్లూ యాక్షనూ ఆగిపోతాయి, ఎర్రర్ పేజీ మాత్రం రాదు. కావాలనే అలా పెట్టారు. దాంట్లో వేరే ఎక్సెప్షన్లు చుట్టి విసిరిన కోడ్ ఎక్కడైనా కనబడితే ముందు దాన్ని పీకేయండి.

నైట్‌షిఫ్ట్:
లాగ్ దొరికింది. లాగ్‌బ్యాక్‌లో స్ప్రింగ్ మొత్తం ఆఫ్‌లోనే ఉంది, ఎవరు పెట్టారో తెలీదు. రెండు సందేహాలు. లిజనర్‌కి ఎసింక్ (వేరే థ్రెడ్‌లో నడపమనే గుర్తు) తగిలిస్తే ఏమైనా మారుతుందా? ఇన్ని టెస్టులున్నా ఒక్కటీ దీన్ని ఎందుకు పట్టలేదు?

లాగుల_రాయుడు:
ఎసింక్ పెడితే ఎక్సెప్షన్ ఇంకో థ్రెడ్‌లో పుడుతుంది, కంట్రోలర్‌కి ఇంకా దూరం. మెథడ్ వాయిడ్ (ఏమీ తిరిగివ్వనిది) అయితే అది ఎసింక్‌అన్‌కాట్‌ఎక్సెప్షన్‌హ్యాండ్లర్‌కి వెళ్తుంది. డిఫాల్ట్‌ది లాగ్ రాసి ఊరుకుంటుంది. అలర్ట్ కావాలంటే మీదొకటి రాసి ఎసింక్‌కాన్ఫిగరర్‌లో ఇవ్వండి.

టెస్ట్ క్లాస్ మీద ట్రాన్సాక్షనల్ ఉండే ఉంటుంది. అప్పుడు ప్రతి టెస్టూ చివర్లో రోల్‌బ్యాక్ అవుతుంది. కమిట్ లేదు కాబట్టి లిజనర్ అసలు నడవలేదు. దాన్ని తీసేసి డేటా మీరే శుభ్రం చేసుకోండి, లేదా టెస్ట్‌ట్రాన్సాక్షన్‌లో ఫ్లాగ్‌ఫర్‌కమిట్, ఆ తర్వాత ఎండ్ పిలవండి. ఎండ్ పిలిచినా ఎక్సెప్షన్ పైకి రాదని మర్చిపోకండి. టేబుల్‌లో రో ఉందో లేదో చూసే అసర్ట్ రాయాలి.