అప్‌డేట్: 'క్రాస్ పీస్' అంటే ఏంటో తెలిసింది, మెడ పైపింగ్ కుదిరింది

జాకెట్టు మెడకు పైపింగ్ (అంచు చుట్టూ కుట్టే సన్నటి బట్ట పట్టీ) వేస్తే ముడతలు పడుతున్నాయని, 'క్రాస్ పీస్ తీసుకోవాలి' అంటే అర్థం ఏంటని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. సమస్య తీరింది.

క్రాస్ అంటే అడ్డంగా అనుకుని పట్టీలను పేక (బట్టలో అడ్డంగా వెళ్లే దారాలు) వెంబడి కత్తిరించాను. తప్పు అక్కడే జరిగింది. క్రాస్ అంటే ఐమూలగా, పడుగుకీ (నిలువు దారాలు) పేకకీ సరిగ్గా 45 డిగ్రీల్లో. మీలో ఒకరు చెప్పినట్టు బట్ట మూల పట్టుకుని, నేత అంచు (బట్ట పొడవునా పక్కన ఉండే అంచు) వచ్చి పేక వెంట తిన్నగా కత్తిరించిన అంచు మీద పడేలా త్రికోణంగా మడిచాను. ఆ మడత గీతే క్రాస్. దాని వెంబడి తీసిన పట్టీని రెండు చేతులతో లాగితే చక్కగా సాగింది. పాత పట్టీ అంతగా సాగలేదు. ఆ తేడా చేతికి తెలిశాకే విషయం అర్థమైంది. గుండ్రటి మెడ చుట్టూ పట్టీ వంపు తిరగాలంటే ఆ సాగుడు ఉండాల్సిందే.

అంతకు ముందు మెషిన్ టెన్షన్ (దారం బిగువు) సరిచేశాను, సూదీ మార్చాను. వాటికీ ఈ ముడతలకీ సంబంధం లేదు. పట్టీ చాలకపోతే అతుకు కూడా ఐమూలగానే వేయండి, లేకపోతే ఆ చోట లావుగా ఉబ్బుతుంది. కుట్టేటప్పుడు మాత్రం పట్టీని మరీ లాగకండి, మెడ ముడుచుకుపోతుంది.