అప్‌డేట్: పోర్ట్రెయిట్ ఫొటోల్లో జుట్టు అంచులు మసకబారడం గురించి

ఫోన్‌లోని పోర్ట్రెయిట్ మోడ్‌లో (మనిషిని స్పష్టంగా ఉంచి వెనకున్నదాన్ని మసకబరిచే పద్ధతిలో) తీసిన ఫొటోల్లో నేపథ్యంతో పాటు జుట్టు అంచులు, కళ్లజోడు ఫ్రేమూ కూడా మసకబారుతున్నాయని, దీనికి పరిష్కారం ఏమిటని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. సమస్య చాలావరకు తీరింది.

మీరు వివరించినట్టు, ఫోన్ కెమెరాలో వెలుతురును గ్రహించే భాగమైన సెన్సర్ చాలా చిన్నది కావడంతో మామూలు దూరంలో నిలబడిన మనిషి వెనకున్న దృశ్యం సహజంగా పెద్దగా మసకబారదు. రెండు కెమెరాల దృశ్యాల మధ్య ఉండే స్వల్ప తేడాను బట్టి గానీ, 2017లో వచ్చిన గూగుల్ ఫోన్ పిక్సెల్ 2లో లాగా ఒకే కెమెరా సెన్సర్‌లో రెండుగా విడిపోయిన పిక్సెళ్ల (వెలుతురును గ్రహించే చిన్న చుక్కల) సాయంతో గానీ ఫోన్ దూరాన్ని అంచనా కట్టి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్‌తో మసకను కలుపుతుంది. విడి వెంట్రుకల దగ్గర ఆ అంచనా తడబడుతుంది.

అన్నిటికన్నా బాగా పనిచేసింది మనిషిని గోడకు దూరంగా జరపమన్న సలహా. నేపథ్యం రంగు కూడా తేడా చూపింది: వెనక ముదురు రంగు తెర ఉన్నప్పుడు చెవి పక్కన వేలాడే నల్లటి పాయ పూర్తిగా మాయమయ్యేది. లేత రంగు నేపథ్యం ముందు, పక్కనుంచి మంచి వెలుతురు పడేటట్టు నిలబెడితే అదే పాయ స్పష్టంగా నిలిచింది. ఫొటో తీశాక ఎడిట్‌లో ఎఫ్ సంఖ్యను (మసక ఎంత ఉండాలో సరిచేసే అంకెను) 1.4 నుంచి 4.5కు పెంచితే మసక తగ్గి, అంచుల్లోని లోపాలు కంటికి ఆనడం లేదు. ముఖానికి ఈ మాత్రం మసకే అందమని నా అభిప్రాయం.

కళ్లజోడు సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు. అద్దంలోంచి కనిపించే నేపథ్యం చెంప పక్కన స్పష్టంగానే మిగిలిపోతోంది. ముఖాన్ని నేరుగా కెమెరావైపు తిప్పినప్పుడు మాత్రం కొంత తగ్గుతోంది.