పని చేసే ఒంటికి మళ్లీ యోగా దేనికి?

బరంపురం మగ్గం:
మా వీధి చివర బడి వరండాలో కొందరు కుర్రాళ్లు పొద్దున్నే యోగా మొదలుపెట్టారు. మంచిదే. కానీ అంతటితో ఊరుకోరు. దారిన పోయే ప్రతివాడినీ ఆపి "బాబాయ్, మీరూ రండి" అంటారు. రానంటే "అందరూ ఏదో ఒక సాకు చెప్తారులే" అని ఎత్తిపొడుపు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మా ఇంట్లో తాతల నాటి నుంచీ పట్టు మగ్గమే. గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నామంటే కింద తొక్కుడు చెక్కలు, పైన అటూ ఇటూ దారం తీసుకెళ్లే నాడె, చీకటి పడేదాకా కాలూ చెయ్యీ ఆగదు. మా నాన్న డెబ్బై దాటినా నేస్తూనే ఉన్నారు. ఆయన ఏ ఆసనాలు వేశారు? ఏసీ గదిలో కుర్చీకి అతుక్కుపోయేవాడికి యోగా కావాలంటే ఒప్పుకుంటాను. మాకు పనే వ్యాయామం. జూన్ 21న యోగా దినమని టీషర్టులు పంచి, ఫొటోలు దిగి, 22న చాప చుట్టేసేవాళ్లు మాకు చెప్పొచ్చారు! అయినా వింటాను. పని చేసే ఒంటికి దీనివల్ల అదనంగా ఒరిగేదేమిటో ఎవరైనా సూటిగా చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు:
సూటిగానే చెప్తాను. మగ్గం మీద కూర్చున్నప్పుడు ఎవరినైనా మిమ్మల్ని పక్కనుంచి ఓ ఫొటో తియ్యమనండి. మెడ కిందికి, భుజాలు ముందుకి, నడుం గుండ్రంగా ఉంటాయి. పొద్దుట్నించి రాత్రిదాకా వెనక్కి వంగే కదలిక ఒక్కటైనా ఉందా? మడిలో నాట్లు వేసేవాళ్లదీ, అప్పడాలు ఒత్తే ఆడవాళ్లదీ ఇదే వరస. పనికి కావలసిన కదలికల్నే ఒళ్లు వేలసార్లు చేస్తుంది, అక్కర్లేనివి ఏళ్ల తరబడి చేయనే చేయదు. భుజంగాసనం, శలభాసనం, సేతుబంధాసనం ఆ చేయని వైపు కదలికలే. పదిహేను నిమిషాల పని.

"పనే వ్యాయామం" అనే మాట మీద పెద్ద అధ్యయనమే జరిగింది. కోపెన్‌హాగన్‌లో లక్షకు పైగా జనాన్ని ఏళ్లపాటు గమనించి 2021లో ఫలితాలు వేశారు. తీరిక వేళల్లో వ్యాయామం చేసేవాళ్లకు గుండెజబ్బులు తగ్గాయి. ఉద్యోగంలోనే ఒళ్లు హూనం చేసుకునేవాళ్లకు తగ్గకపోగా పెరిగాయి. పనిలో విశ్రాంతి మన చేతుల్లో ఉండదు, ఎప్పుడు ఆపాలో ఎంత మోయాలో వేరేవాళ్లు నిర్ణయిస్తారు. అందుకే ఈ తేడా అని నా అభిప్రాయం.

ఇక నడుం నొప్పి. అమెరికాలో వైద్యుల సంస్థ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సలహాలు ఇస్తూ, పాతబడిన నడుం నొప్పికి మాత్రల కంటే ముందు చూడవలసిన వాటిలో యోగానూ చేర్చింది. నాన్నగారు డెబ్బై దాటి నేస్తున్నారంటే సంతోషం. ఆయన ఈడువాళ్లలో నడుం పోయి మగ్గం దిగిపోయినవాళ్లు ఎంతమందో కూడా ఓసారి ఆయన్నే అడగండి.

రాయగడ షిఫ్టు:
మాస్టారి మాట బాగుంది, మాస్టారి టైంటేబుల్ మాకు లేదు. నాది మిల్లులో కాంట్రాక్టు పని. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు, వారానికోటి మారుతుంది. సీ షిఫ్టంటే రాత్రిది, అది దిగి పొద్దున్నే సైకిల్ మీద ఇంటికొస్తుంటే మైదానంలో అందరూ చేతులెత్తి కనిపిస్తారు. నాకు అప్పటికి కళ్లు మండుతుంటాయి, కడుపు కాలుతుంటుంది. యోగా నేర్పే ప్రతివాడూ తెల్లవారుజామున, ఖాళీ కడుపుతో, ఒకే వేళకి అంటాడు. అలా కుదరనివాడిది సాకు అనేస్తే ఎలా అన్నా?

నేను గడియారాన్ని వదిలేసి స్నానాన్ని పట్టుకున్నాను. ఏ షిఫ్టు అయినా డ్యూటీ దిగాక స్నానం తప్పదు కదా. స్నానం అయ్యాక, తినేముందు, గోడకి కాళ్లు ఆనించి వెల్లకిలా పడుకుంటాను. తర్వాత మార్జాలాసనం, కాసేపు నిదానంగా ఊపిరి. అంతే. నైట్ చేసిన రోజు పడుకోగానే నిద్ర పడుతోంది. మిగతా లాభాల సంగతి నాకు తెలియదు.

గుణుపూరు కోడలు:
మగవాళ్లు మీ సాకుల గురించి మాట్లాడుకుంటున్నారు, మాకు మీరే కనిపెట్టి ఇచ్చిన సాకు ఒకటుంది: "ఇంటి పనే మీకు యోగా." అంట్లు తోమడం యోగా అయితే మీరూ చెయ్యండి బాబూ, ఎవరొద్దన్నారు.

బడి వరండాలో కుర్రాళ్ల ముందు చీరతో నేల మీద పడుకోమంటారా? ఇంట్లో చేద్దామంటే మాది రెండు గదుల కొంప. మంచానికీ బియ్యం డబ్బాకీ మధ్య చాప సగమే పరుచుకుంటుంది. కాళ్లు చాపితే తలుపు తెరుచుకోదు. అవతల పిల్లలు, కుక్కర్ విజిల్. ఇవి బద్ధకం కిందికి వస్తాయా?

చివరికి మా వీధి ఆడవాళ్లం పొద్దుటి వేళని వదిలేసుకున్నాం. సాయంత్రం నాలుగింటికి ఒకళ్ల మేడ మీద, మగవాళ్లు రాకుండా. మధ్యాహ్నం తిన్నది అరిగి ఉంటుంది, రాత్రి వంట ఇంకా మొదలుకాదు. మా అత్తగారు మొదట్లో "ఏటమ్మా ఆ పొర్లుడు" అన్నారు. ఇప్పుడు తనూ కుర్చీ వేయించుకుని చేతులెత్తుతున్నారు. కుర్రాళ్లకి నిజంగా జనం రావాలని ఉంటే, ఎందుకు రారని ఎత్తిపొడవడం మాని, ఏ వేళకి ఎక్కడ పెడితే వస్తారని అడగమనండి.

జయపురం మందుల షాపు:
మేలు ఉంది, నేనూ కాదనను. ఎంత ఉందో అంతే చెప్పండి. నా కౌంటర్ దగ్గరికి ఒకాయన వచ్చేవారు, ప్రాణాయామంతో షుగర్ పోయిందని మాత్రలు మానేశారు. కొన్నాళ్లకి కాలి వేలికి మానని పుండుతో వచ్చారు. ఏ మాత్రలైనా డాక్టర్‌ని అడగకుండా మానకండి.

మాస్టారు చెప్పిన నడుం నొప్పి విషయం సరే. కానీ నడుం కోసం చేసే మామూలు వ్యాయామాలతో పోల్చి చూసినప్పుడు యోగాకి పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. అంటే ఏదో ఒకటి మానకుండా చేయడమే ముఖ్యం. కోపెన్‌హాగన్ లెక్కలో కూడా, ఒళ్లు హూనమయ్యే పనుల్లో ఉండేది ఎక్కువగా పేదవాళ్లే. వాళ్ల గుండె చెడటానికి పని ఒక్కటే కారణమా అని అడిగేవాళ్లూ ఉన్నారు. నిదానంగా చేసే ఆసనాలకి గుండె వేగం పెద్దగా పెరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త ఊపిరి పెరిగేలా కదలమంటోంది. నడక మానేసి ఆసనాలతో సరిపెట్టుకోకండి.

ఇంకో మాట, భయపడి మానేసేవాళ్లందరివీ సాకులు కావు. కంట్లో ప్రెషర్ ఉన్నవాళ్లు శీర్షాసనం వేయకూడదు. బీపీ అదుపులో లేనివాళ్లూ, హెర్నియా ఉన్నవాళ్లూ, గర్భిణులూ, పొట్ట లోపలికి కొడుతూ ఊపిరి విసురుగా వదిలే కపాలభాతి జోలికి పోకూడదు. మన దక్షిణ ఒడిశా జిల్లాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లు ఎండలో, నీళ్లు తాగకుండా, పోటీ పడి సూర్య నమస్కారాలు చేస్తే నొప్పులు తిరగబెట్టొచ్చు. నేర్పేవాడు ముందు ఇవి అడుగుతున్నాడా లేదా చూడండి. అడగకపోతే వెనక్కి వచ్చేయండి.

గుడారి నుంచి:
మా చర్చి పెద్దలు వద్దంటారు. ఓం అనాలి, సూర్యుడికి దండం పెట్టాలి అంటారు. ఇది కూడా సాకేనా?

పర్లాకిమిడి మాస్టారు:
సాకు కాదమ్మా, నమ్మకం. దాన్ని మార్చే పని నేను పెట్టుకోను. తెలిసింది మాత్రం చెప్తాను. 2014 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి యోగా దినం తీర్మానం చేసినప్పుడు 177 దేశాలు మద్దతుగా నిలిచాయి, అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. మరుసటి ఏడు మన దేశంలో జరిగిన మొదటి యోగా దినంలో, అభ్యంతరాలు వచ్చాయని సూర్య నమస్కారాలు పెట్టలేదు. మంత్రం లేకుండా వీపు సాగదీసినా వీపు సాగుతుంది. అదీ ఇబ్బంది అనిపిస్తే ఫిజియోథెరపీ వాళ్ల దగ్గర ఇలాంటి కదలికలే వేరే పేర్లతో దొరుకుతాయి.

బరంపురం మగ్గం:
కోపెన్‌హాగన్ సంగతి నాకు ఇంకా ఎక్కలేదు. అక్కడి ఫ్యాక్టరీ వేరు, ఇక్కడి మగ్గం వేరు. కానీ మాస్టారు చెప్పినట్టు నాన్నని అడిగాను. ఆయన చెప్పింది వేరే. వెనకటికి పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు, సాగదీయడానికి వీధి పొడుగునా అటూ ఇటూ నడిచేవాళ్లట, గంటల తరబడి. ఇప్పుడు పడుగు తయారుగా కొంటున్నాం. "ఆ నడక మీకు లేదు, కూర్చోడమే మిగిలింది" అన్నారు. ఇది నాకు తోచలేదు. పనే వ్యాయామం అన్నది మా నాన్న కాలానికి నిజమేమో, నా కాలానికి సగమే నిజం.

వరండాకి మాత్రం వెళ్లను. ఆ ఎత్తిపొడుపులు ఆగేదాకా వెళ్లేది లేదు. నాన్నకి మోకాళ్లు పట్టేశాయి, మగ్గం గుంటలో తప్ప నేల మీద కూర్చోలేరు. అక్కా, మీ అత్తగారు కుర్చీలో ఏం చేస్తున్నారో కాస్త వివరంగా రాస్తారా?

గుణుపూరు కోడలు:
రాస్తాను తమ్ముడూ. కుర్చీతో ఆసనాలు కొత్తేమీ కాదు, బి.కె.ఎస్. అయ్యంగార్ అనే యోగా గురువు నేర్పిన పద్ధతిలో కుర్చీ, బెల్టు, చెక్క ఇటుక మామూలే. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. చేతుల్లేని చెక్క కుర్చీ గోడకి ఆనించండి. అంచు మీద కూర్చుని పాదాలు రెండూ నేలకి ఆనాలి. ఊపిరి తీస్తూ చేతులు పైకి, వదులుతూ కిందికి. తర్వాత చేతులు వెనక కుర్చీ పట్టుకుని ఛాతీ ముందుకి తెచ్చి, గడ్డం కాస్త పైకి. మెడ మరీ వెనక్కి వాల్చొద్దు. ఒక్కో కాలు నేలకి సమానంగా చాచి, తొడ బిగించి కాసేపు ఉంచి దించాలి. మోకాలికి ఇదే అసలైనది. చివర్లో ఒళ్లు కుడికి ఓసారి, ఎడమకి ఓసారి తిప్పడం. నొప్పి వచ్చినచోట ఆపేయమనండి. పక్కన మీరు కూర్చుంటేనే చేస్తారు, ఒక్కరినీ కూర్చోబెట్టి వెళ్లిపోతే మా అత్తగారు కూడా చెయ్యరు.