మెటా కీవర్డ్స్ పెడితే బ్లాగు గూగుల్‌లో పైకి వస్తుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. చిక్కడపల్లిలో డీటీపీ పని చేస్తాను. తీరిక దొరికినప్పుడల్లా మన హైదరాబాద్ మెట్ల బావుల గురించి బ్లాగర్‌లో రాస్తున్నాను. బన్సీలాల్‌పేట, గుడిమల్కాపూర్, బాపూఘాట్ బావుల మీద పోస్టులున్నాయి. గూగుల్‌లో ఎంత వెతికినా నా బ్లాగు కనపడటం లేదు. మా మేనల్లుడు అమీర్‌పేటలో డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేశాడు. మెటా కీవర్డ్స్ ట్యాగులో, అంటే పేజీ కోడ్‌లో వెతికే పదాలు రాసే చోట, వంద పదాలు పెట్టు మామా, అదే పైకి వస్తుంది అంటున్నాడు. క్లాసులో అలాగే చెప్పారట. థీమ్ కోడ్‌లో చెయ్యి పెట్టాలంటే భయంగా ఉంది. నిజంగా ఉపయోగం ఉంటుందా?

జవాబు:
అన్నా, గా కీవర్డ్స్ ముచ్చట ఇడిసిపెట్టు. అది ఎప్పుడో బంద్ అయింది. నా వంటల బ్లాగుల ఒక్కటి గూడ పెట్టలే, మంచిగనే జనం వస్తున్నరు. థీమ్ కోడ్ ముట్టుకునేదుంటే మాత్రం ముందుగాల బ్యాకప్ తీసి పెట్టుకో.

మరో జవాబు:
పైన అన్న చెప్పింది నిజం. కీవర్డ్స్ ట్యాగును ర్యాంకింగ్‌కు లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే బహిరంగంగా చెప్పింది. అప్పట్లో ఆ సంగతి ప్రకటించింది వాళ్ల ఇంజినీరు మ్యాట్ కట్స్. కారణం కూడా తెలిసిందే. ఆ ట్యాగు చదివేవాళ్లకు కనపడదు కాబట్టి పేజీలో లేని పదాలన్నీ అందులో కుక్కేవాళ్లు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఫీజు తీసుకుని పిల్లలకు ఇదే నేర్పుతున్నారంటే బాధగా ఉంది. మీ మేనల్లుడి తప్పేం లేదు.

అలాగని మెటా ట్యాగులన్నీ దండగ కాదు. డిస్క్రిప్షన్ ట్యాగు ర్యాంకు పెంచదు, కానీ ఫలితాల్లో మీ శీర్షిక కింద వచ్చే రెండు ముక్కలు చాలాసార్లు అందులోంచే తీస్తారు. అవి చూసే మనిషి నొక్కాలా వద్దా అని తేల్చుకుంటాడు. బ్లాగర్ సెట్టింగ్స్‌లో మెటా ట్యాగ్స్ దగ్గర సెర్చ్ డిస్క్రిప్షన్ ఆన్ చేస్తే, పోస్టు రాసేచోట కుడిపక్కన దానికో పెట్టె వస్తుంది. కోడ్ జోలికి వెళ్లక్కర్లేదు. బ్లాగు మొత్తానికి రాసే వివరణ 150 క్యారెక్టర్లు దాటకూడదు. తెలుగులో అది ఇట్టే అయిపోతుంది, ఎందుకంటే గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘మెట్ల బావి’ కంటికి నాలుగు అక్షరాలే, కంప్యూటర్‌కు మాత్రం మధ్యలో ఖాళీతో కలిపి 10. కాబట్టి అసలు విషయం మొదటి వాక్యంలోనే చెప్పేయండి. అది రాసినా గూగుల్ ఒక్కోసారి పేజీలోంచి వేరే వాక్యం తీసి చూపిస్తుంది, దానికి చేయగలిగిందేమీ లేదు.

బ్లాగును ముంచే మెటా ట్యాగు మాత్రం ఒకటుంది: రోబోట్స్ ట్యాగులో నోఇండెక్స్. అది ఉంటే ఎంత బాగా రాసినా ఆ పేజీ ఫలితాల్లోకే రాదు. ముందు దీన్నే చూడండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ‘సెర్చ్ ఇంజిన్లకు కనపడాలి’ అన్న అర్థం వచ్చే మీట ఆన్‌లో ఉండాలి. కస్టమ్ రోబోట్స్ హెడర్ ట్యాగ్స్ ఎప్పుడైనా మార్చి ఉంటే అక్కడా చూడండి. తర్వాత సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సాధనం) బ్లాగును చేర్చి, ఒక పోస్టు లింకు పైనున్న పెట్టెలో వేస్తే అది గూగుల్‌లో ఉందో లేదో, లేకపోతే ఎందుకు లేదో చెప్తుంది.

శీర్షిక సంగతి. అది మెటా ట్యాగు కాదు గానీ వీటన్నిటికంటే దానికే బలం ఎక్కువ. మీ పోస్టుల శీర్షికలు ఏమిటో ఒకటి రెండు చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. ప్రైవసీ మీట ఆన్‌లోనే ఉంది. బన్సీలాల్‌పేట పోస్టుకు ‘నీటి గుండె చప్పుడు’ అని పెట్టాను. ఇంకో సంగతి. నేను అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో పేజీ కట్టి, దాన్ని జేపెగ్ చేసి పోస్టులో పెడతాను. ఫాంట్ అందంగా ఉంటుందని. దానివల్ల ఏమైనా ఇబ్బందా?

మరో జవాబు:
అసలు చిక్కు అక్కడే ఉంది సార్! మీ పోస్టులో గూగుల్ చదవడానికి ఒక్క వాక్యం కూడా లేదు, ఉన్నది బొమ్మ. బొమ్మలో అక్షరాలను నమ్ముకుని వెతుకులాటలో చోటు ఆశించలేం. అను టెక్స్ట్‌ను నేరుగా అతికించినా లాభం లేదు, లోపల ఉండేవి తెలుగు అక్షరాలు కావు, ఫాంట్ తీసేస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ బయటపడతాయి. యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాలుగానే గుర్తుపట్టే పద్ధతిలోకి, మార్చుకోవాల్సిందే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, అంకెలు ఒకసారి ప్రూఫ్ చూసుకోండి, మీకది చేతిలో పనే. మీరు కట్టిన పేజీ అందంగా ఉంటే బొమ్మగా కిందనే ఉంచండి, ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మకు జతచేసే వివరణ) అదేమిటో ఒక వాక్యం రాస్తే చాలు.

‘నీటి గుండె చప్పుడు’ చాలా బాగుంది, కానీ బావి చూడాలనుకునేవాళ్లు ఆ మాటతో వెతకరు. దాన్ని పోస్టు మొదటి పంక్తిగా ఉంచి, శీర్షికగా ‘బన్సీలాల్‌పేట మెట్ల బావి: చరిత్ర, ఎలా వెళ్లాలి’ అని పెట్టండి. గాంధీ హాస్పిటల్ మెట్రోలో దిగాక దారి ఎటో, 2022 డిసెంబరులో మళ్లీ తెరవకముందు అక్కడ ఎంత చెత్త పేరుకుని ఉండేదో రాయండి. మనవాళ్లు చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు, అందుకని పేరును ఒక్కచోట అలా కూడా రాయండి. ‘స్టెప్‌వెల్’ అన్న మాటా ఒకసారి రానివ్వండి.

శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే బ్లాగర్ లింకులో ఉత్త ‘బ్లాగ్-పోస్ట్’ అనే వేస్తుంది. కొత్త పోస్టులకు ప్రచురించే ముందే కస్టమ్ పర్మాలింక్‌లో (పోస్టు లింకును మనమే రాసుకునే చోటు) బావి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఇవ్వండి. దానివల్ల ర్యాంకుకు పెద్దగా ఒరిగేది లేదు, వాట్సాప్‌లో పంపితే లింకు దేని గురించో తెలుస్తుంది. పాత లింకులు మార్చకండి, ఇప్పటికే పంచుకున్నవి తెగిపోతాయి.

ముందు బన్సీలాల్‌పేట పోస్టు ఒక్కటీ ఇలా మార్చి, సెర్చ్ కన్సోల్‌లో ఇండెక్సింగ్ కోసం, అంటే గూగుల్ జాబితాలో చేర్చమని, రిక్వెస్ట్ పెట్టండి. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు. చేరిందో లేదో అక్కడే కనపడుతుంది, చేరాక మిగతావి మొదలుపెట్టండి. కన్వర్టర్‌లో ఏ ఒత్తు దగ్గరైనా ఆగిపోతే ఆ పేరా ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.